పంపా, పొడి క్యాప్సూలా, నెబ్యులైజర్ మిషనా: గాలి ఎవరిస్తారో చూసి ఎంచుకోండి

ఆయాసానికి వాడే సాల్బ్యుటమాల్ ఒకటే మందు. స్ప్రే పంపులోనూ దొరుకుతుంది, రోటాహేలర్ అనే పొడి ఇన్‌హేలర్‌లో వేసే క్యాప్సూల్‌గానూ దొరుకుతుంది, నెబ్యులైజర్‌లో పోసే చిన్న ప్లాస్టిక్ ట్యూబుగానూ దొరుకుతుంది. "వీటిలో ఏది గట్టిగా పనిచేస్తుంది?" అని అడిగితే చాలామంది మిషన్ వైపే వేలు చూపిస్తారు. తెల్లగా పొగ కనిపిస్తుంది కాబట్టి ఆ నమ్మకం. అసలు అడగాల్సింది వేరు: మందును తుంపరగా చేసి లోపలికి నడిపించే గాలి ఎక్కణ్నుంచి వస్తోంది? పంపులో డబ్బాలోని గ్యాసు తోస్తుంది. పొడి ఇన్‌హేలర్‌లో ఆ పనంతా మీ ఛాతీదే. నెబ్యులైజర్‌లో కంప్రెసర్‌ది. పరికరం కోరే గాలికి, వాడే మనిషి ఊపిరికి పొత్తు కుదరకపోతే ఎంత ఖరీదైన మందైనా గొంతుకు అంటుకుని కడుపులోకి పోతుంది.

ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరు తేల్చాలి. ఇక్కడ మాట్లాడేది పరికరం గురించి.

గొంతు మలుపు దగ్గరే సగం కథ

కింది శ్వాసనాళాల దాకా చేరాలంటే మందు కణం సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉండాలి. అంతకంటే పెద్దవి గొంతు వెనక మలుపు దగ్గరే ఆగిపోతాయి. మరీ చిన్నవాటిలో కొంత భాగం లోపల ఎక్కడా వాలకుండా ఊపిరితో పాటే బయటికి వచ్చేస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులో లోడు లారీ పరిస్థితి తెలుసు కదా: బరువు ఎక్కువైనా, వేగం ఎక్కువైనా తిరగలేక గోడకు కొడుతుంది. గొంతులో కణం కూడా అంతే. కొట్టుకునే ధోరణి వేగంతో పాటు పెరుగుతుంది, సైజుతో అయితే వర్గంలో పెరుగుతుంది. అంటే వేగం అదే ఉన్నా 6 మైక్రాన్ల కణానికి ఆ ముప్పు 3 మైక్రాన్ల కణం కంటే నాలుగింతలు.

ఈ లెక్క ప్రకారం అన్ని పరికరాలనూ నెమ్మదిగా పీల్చడమే మంచిదనిపిస్తుంది. పంపు విషయంలో అది నిజం. పొడి ఇన్‌హేలర్ విషయంలో తప్పు. రెండూ వాడేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

స్ప్రే పంపు: గ్యాసు తొందర, మీది నిదానం

1956 నుంచి వాడుకలో ఉన్న పరికరం ఇది. డబ్బాలో మందు ద్రవరూప ప్రొపెల్లెంట్‌తో, అంటే దాన్ని బయటికి తోసే గ్యాసుతో, కలిసి ఒత్తిడిలో ఉంటుంది. నొక్కగానే లోపలి వాల్వు ఒక్క మోతాదును కొలిచి వదులుతుంది. ఆ తుంపర ఆయుష్షు సెకనులో మూడో వంతు కూడా ఉండదు. తుంపర అంత వేగంగా వస్తుంటే మీరూ గట్టిగా లాగితే రెండు వేగాలూ కలిసి మందు గొంతుకే తగులుతుంది. అందుకే పంపుకు నిమిషానికి 30 లీటర్ల దగ్గరి నిదానమైన పీల్పు సరిపోతుంది. పెద్దవాళ్లకు లెక్కగా చెప్పాలంటే 4, 5 సెకన్ల పాటు సాగే ఒక్క పొడవాటి శ్వాస.

ముందు డబ్బాను బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి. పెదవులు పంపు మూతి చుట్టూ బిగించి, పీల్చడం మొదలుపెట్టిన మరుక్షణం నొక్కాలి. నొక్కాక కూడా పీల్చడం ఆపకూడదు. చివర్లో 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగి మళ్లీ కుదపాలి. పంపు మూతి పైనుంచో, పెదవుల పక్కనుంచో తెల్లని తుంపర బయటికి పోతూ కనిపిస్తే నొక్కడానికీ పీల్చడానికీ పొంతన కుదరలేదని అర్థం. ఆ పఫ్ చాలావరకు వృథా. పద్ధతి బాగున్నవాళ్లలో కూడా స్పేసర్ (పంపుకు తగిలించే ఖాళీ గొట్టం) లేకుండా ఊపిరితిత్తులకు చేరేది నొక్కినదాంట్లో ఐదో వంతు లోపే. చేతులు వణికేవాళ్లలో, కంగారు పడేవాళ్లలో ఇంకా తక్కువ.

కొందరికి చల్లని గ్యాసు గొంతుకు తగలగానే పీల్పు దానంతటదే ఆగిపోతుంది. అది వాళ్ల తప్పు కాదు, ఒంటి స్వభావం. దానికి మందు స్పేసరే.

డబ్బాలో మందు ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి నీళ్లలో వేసి చూసే పాత అలవాటు మానేయండి. మందు అయిపోయాక కూడా ప్రొపెల్లెంట్ మిగిలి ఉంటుంది, నొక్కితే తుంపరా వస్తుంది. పైగా నీరు వాల్వులోకి పోతుంది. కౌంటర్ ఉన్న పంపు దొరికితే అదే తీసుకోండి, లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసి లెక్కపెట్టుకోవాలి. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద పంపు వదిలేయకూడదు. డబ్బాను 50 డిగ్రీలు దాటనివ్వొద్దని లేబుల్ మీదే ఉంటుంది. రామగుండంలోనో, కొత్తగూడెంలోనో మే నెలలో అద్దాలు బిగించిన కారులో ఆ హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు.

పీల్చగానే దానంతటదే మందు వదిలే పంపులు కూడా ఉన్నాయి. మన దగ్గర సింక్రోబ్రీత్ ఆ రకానిదే. మామూలు పీల్పుకే మీట విడుదలవుతుంది. నొక్కే టైమింగ్ కుదరనివాళ్లకు, కీళ్లనొప్పులతో వేళ్లు వంగనివాళ్లకు బాగుంటుంది. అయితే మీట పడిన చప్పుడుకు ఉలిక్కిపడి పీల్పు ఆపేవాళ్లు ఉంటారు. కొనేముందు ఖాళీ డెమో పరికరంతో ఒకసారి చూసుకోవాలి.

స్పేసర్: చవకగా దొరికే బాగుదల

స్పేసర్ ఖాళీ గొట్టమే. చేసే పని మాత్రం రెండు. తుంపర వేగం అందులో తగ్గుతుంది. పెద్ద చుక్కలు గొంతుకు బదులు దాని గోడకు అంటుకుంటాయి. ప్రొపెల్లెంట్ ఆవిరైపోయి మిగిలిన సన్న తుంపరను మీరు తీరిగ్గా పీల్చుకోవచ్చు, నొక్కడానికీ పీల్చడానికీ క్షణం తేడా వచ్చినా కొంప మునగదు. వాల్వు ఉన్న స్పేసర్ అయితే వదిలిన ఊపిరి తిరిగి గొట్టంలోకి పోదు కాబట్టి పిల్లలు మామూలుగా ఐదారు శ్వాసలు తీసుకుంటే చాలు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాస్కుతో, ఆ పైన మూతితో.

ఎక్కడ చెడుతుందంటే: ఒకేసారి మూడు నాలుగు పఫ్‌లు నొక్కి ఆ తర్వాత పీల్చడం. చుక్కలు ఒకదానికొకటి గుద్దుకుని పెద్దవై గోడకు అంటుకుంటాయి. ఒక పఫ్, శ్వాసలు, మళ్లీ కుదిపి ఇంకో పఫ్. అంతే వరస. మరో తప్పు గుడ్డతో తుడవడం. ప్లాస్టిక్‌ను పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుడుతుంది, సన్న కణాలన్నీ గోడకు లాగబడతాయి. కొత్త స్పేసర్‌లో కూడా ఇదే ఇబ్బంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు నీళ్లు వేసి ముంచి తీసి, తుడవకుండా నిలబెట్టి ఆరనివ్వండి. సబ్బు సన్నపొర ఆ విద్యుత్తును చంపుతుంది. మూతి ఒక్కటి మంచినీళ్లతో కడగొచ్చు. నెలకోసారి ఇలా చేస్తే చాలు.

స్పేసర్ కొనలేని చోట సంగతి: 1999లో కేప్‌టౌన్ పరిశోధకులు ఆయాసంతో వచ్చిన పిల్లల మీద పరీక్షించి, అంచులు మూసి బిగించిన 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ బాటిల్ కొనే స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని చూపించారు. అదే పరీక్షలో థర్మోకోల్ లాంటి కప్పు వెనకబడింది. అత్యవసరంలో గుర్తుంచుకోదగ్గ విషయం.

పొడి ఇన్‌హేలర్: ఇంజన్ మీరే

రోటాహేలర్, రివోలైజర్, టర్బుహేలర్, డిస్కస్, హ్యాండీహేలర్ అన్నీ ఈ కుటుంబమే. పొడిలో మందు కణాలు 5 మైక్రాన్ల లోపే ఉంటాయి, కానీ అవి విడిగా ఉండవు. చాలా పరికరాల్లో ఎన్నో రెట్లు పెద్దవైన లాక్టోజ్ (పాల చక్కెర) రేణువులకు అంటుకుని ఉంటాయి. లడ్డూకు అద్దిన గసగసాల్ని ఊహించుకోండి. గాలి సుడి తిరిగి ఆ రేణువుల్ని కుదిపితేనే మందు విడిపోయి లోపలికి వెళ్తుంది. లేదంటే లడ్డూ మొత్తంగా వెళ్లి గొంతుకు తగులుతుంది. ఆ సుడిని పుట్టించే శక్తి మీ పీల్పు నుంచే రావాలి, అదీ మొదటి క్షణం నుంచే. మెల్లగా మొదలుపెట్టి చివర్లో గట్టిగా లాగితే లాభం లేదు, పొడి అప్పటికే పరికరం దాటిపోయి ఉంటుంది.

ఇక అడ్డు సంగతి. ప్రతి పొడి ఇన్‌హేలర్‌కూ గాలిదారి ఎంత సన్నగా ఉందన్నదాన్ని బట్టి ఒక నిరోధం ఉంటుంది. ప్రవాహం ఒత్తిడి తేడా వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ప్రవాహం రెట్టింపు కావాలంటే నాలుగింతల బలంతో పీల్చాలి. ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ప్రకారం ల్యాబులో ఈ పరికరాల్ని 4 కిలోపాస్కల్‌ల ఒత్తిడి తేడా దగ్గర, 4 లీటర్ల గాలితో పరీక్షిస్తారు. 4 కిలోపాస్కల్‌లంటే నిలువు స్ట్రాలో నీటిని సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తుకు లేపే బలం. అదే బలానికి తక్కువ నిరోధం ఉన్న బ్రీజ్‌హేలర్‌లో నిమిషానికి 100 లీటర్లు దాటుతుంది, హ్యాండీహేలర్‌లో 40 దగ్గరే ఆగుతుంది. టర్బుహేలర్, డిస్కస్ మధ్యలో ఉంటాయి. రోటాహేలర్ తక్కువ నిరోధం వైపు.

ఇక్కడే పెద్ద అపార్థం. పీల్చడం బరువుగా ఉందంటే పరికరం మూసుకుపోయిందనో, నాసిరకమనో అనుకుంటారు. తేలిగ్గా గాలి వస్తే మంచిదనుకుంటారు. నిజం చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. నిరోధం ఎక్కువున్న పరికరంలో తక్కువ ప్రవాహానికే సుడి గట్టిగా పుడుతుంది, గొంతులో వేగమూ తక్కువగా ఉంటుంది. హ్యాండీహేలర్ నిమిషానికి 20 లీటర్ల పీల్పుకే క్యాప్సూల్‌ను కదిలించగలదు. తక్కువ నిరోధం ఉన్నదాంట్లో గాలి హాయిగా వస్తుంది, కానీ పొడి చెదరాలంటే బాగా ఎక్కువ ప్రవాహం కావాలి. ఊపిరి బలం తగ్గిన పెద్దాయనకు "తేలిగ్గా ఉంది" అని తక్కువ నిరోధం పరికరం ఇస్తే మందు క్యాప్సూల్‌లోనే మిగలొచ్చు. మామూలు లెక్కలో చాలా పొడి ఇన్‌హేలర్లకు కనీసం 30, హాయిగా పనిచేయడానికి 60 లీటర్లు అనుకోవచ్చు. కచ్చితంగా తెలియాలంటే పల్మనాలజిస్ట్ దగ్గర ఇన్‌చెక్ డయల్ అనే చిన్న గొట్టం మీటరు ఉందేమో అడగండి. దాని తల తిప్పి ఒక్కో పరికరం నిరోధాన్ని అనుకరించి, మీ పీల్పు ఎంతో అంకెలో చూపిస్తుంది.

  

రోటాహేలర్ వాడకం దగ్గరగా చూద్దాం. క్యాప్సూల్‌ను పారదర్శకంగా ఉన్న కొస కిందికి ఉండేలా చతురస్రపు రంధ్రంలో పెట్టి, పైఅంచు రంధ్రంతో సమంగా వచ్చేదాకా నొక్కాలి. మూతి కింది భాగం తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోయి పొడి గదిలో పడుతుంది. రివోలైజర్‌లో అయితే క్యాప్సూల్ విడిపోదు, మూత గట్టిగా మూసినప్పుడు పిన్నులు రంధ్రాలు పొడుస్తాయి. ఆ "టిక్" వినపడకుండా పీల్చితే ఏమీ రాదు. ఊపిరి పూర్తిగా వదిలేటప్పుడు పరికరాన్ని నోటికి దూరంగా పెట్టండి. లోపలికి ఊదితే పొడి ఎగిరిపోతుంది, మిగిలినది నోటి చెమ్మకు ముద్దకడుతుంది. పక్కనున్న గాలి రంధ్రాల మీద వేళ్లు పడకూడదు. పీల్చాక తెరిచి చూడండి. రోటాహేలర్ గది గోడల మీదో, రివోలైజర్ క్యాప్సూల్ మూలల్లోనో తెల్లని పొడి చారలుగా మిగిలి ఉంటే రెండోసారి పీల్చాలి. రెండోసారీ మిగులుతోందంటే మీ ఊపిరికి ఆ పరికరం సరిపోవడం లేదు, డాక్టరుకు చెప్పాల్సిన మాట అదే. ఇంకోటి, ఆశ్చర్యంగా ఉంటుంది గానీ నిజం: ఎవరూ చూపించకుండా ఇస్తే ఈ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లు ఉన్నారు.

పొడికి శత్రువు చెమ్మ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, మృగశిర కార్తె దాటిన దగ్గర్నుంచి, క్యాప్సూల్‌ను వాడే నిమిషం దాకా సీసాలోనో స్ట్రిప్‌లోనో ఉంచాలి. ముందే తీసి పరికరంలో పెట్టుకుంటే జెలటిన్ మెత్తబడి సరిగ్గా తెరుచుకోదు. బాత్రూం అద్దం దగ్గర పెట్టడం మరీ తప్పు.

నెబ్యులైజర్: పొగ ఎక్కువ, నష్టమూ ఎక్కువే

జెట్ నెబ్యులైజర్‌లో కంప్రెసర్ గాలి సన్నని నాజిల్ గుండా దూసుకొచ్చి మందును పీల్చి చుక్కలుగా చీలుస్తుంది. చుక్క సైజు ఆ గాలిని బట్టే. నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు అందితే చుక్కలు సన్నగా ఉంటాయి. 4 లీటర్లకు పడిపోతే చుక్కలు లావవుతాయి, సమయమూ సాగుతుంది. మిషన్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్దగా వేసే అంకె మందు పోసే కప్పు తగిలించకుండా కొలిచినది కావచ్చు. మీకు కావాల్సింది కప్పు తగిలించాక అందే ఆపరేటింగ్ ఫ్లో, నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు తుంపర చేస్తుంది, సగటు కణం సైజు 5 మైక్రాన్ల లోపేనా, చివర్లో ఎంత మిగులుతుంది. ఈ నాలుగూ రాయని మిషన్ కొనకండి.

కప్పు అడుగున 1 మిల్లీలీటరు దాకా మిగలడం మామూలే. రెండున్నర మిల్లీలీటర్ల మందు పోస్తే అందులో 40 శాతం దాకా అక్కడే పోయినట్టు. అందుకే డాక్టరు చెప్పిన మేరకు 0.9 శాతం సెలైన్ కలిపి 4 మిల్లీలీటర్ల దాకా పెంచుతారు. మామూలు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్ కలపకూడదు, వాటికి శ్వాసనాళాలు ముడుచుకుపోవచ్చు. తుంపర తడబడుతూ చిటచిటలాడటం మొదలైతే కప్పును వేలితో తట్టండి, గోడల మీది చుక్కలు కిందికి దిగుతాయి. పది నిమిషాలు దాటినా అయిపోకపోతే కంప్రెసర్ ఫిల్టర్ నల్లబడిందా, నాజిల్‌లో గారపట్టిందా చూడండి. అయ్యాక కప్పు కడిగి, ట్యూబును మిషన్‌కే ఉంచి రెండు నిమిషాలు ఉత్తగాలి నడిపితే లోపలి చెమ్మ ఆరుతుంది.

ధ్వని తరంగాలతో తుంపర చేసే అల్ట్రాసోనిక్ మిషన్ చప్పుడు లేకుండా నడుస్తుంది గానీ మందును వేడెక్కిస్తుంది, బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ లాంటి, కరగకుండా కలకగా ఉండే మందుల్ని సరిగా ఎత్తదు. ఇంటికి దాన్ని వద్దనే అంటాం. సన్న రంధ్రాల జల్లెడతో తుంపర చేసే మెష్ రకం చేతిలో పట్టేంత చిన్నది, బ్యాటరీతో నడుస్తుంది, మిగులూ తక్కువ. ధర ఎక్కువ. ప్రతిసారీ శుభ్రం చేయకపోతే సుమారు 3 మైక్రాన్ల రంధ్రాలు పూడిపోతాయి. కరెంటు కోతలుండే ఊళ్లకు, ప్రయాణాలకు దానికి పోటీ లేదు.

పిల్లలు నిద్రపోతున్నారని మాస్కును ముఖానికి రెండంగుళాల దూరంలో పట్టుకుంటే మోతాదు దారుణంగా పడిపోతుంది. ఏడుస్తున్న బిడ్డకు పెట్టినా అంతే. స్టెరాయిడ్ మందైతే మాస్కు బిగుతుగా ఉండాలి, తర్వాత ముఖం కడగాలి, నోరు పుక్కిలించాలి. గిన్నెలో మరిగే నీళ్ల ఆవిరి దీనికి ప్రత్యామ్నాయం కాదు. అందులో మందు లేదు, కాలిన గాయాల భయం మాత్రం ఉంది.

ఎవరికి ఏది

ఐదేళ్ల లోపు పిల్లలకు పంపు, స్పేసర్, నాలుగేళ్లు నిండకపోతే మాస్కు కూడా. దీనిమీద మాకు సందేహం లేదు. ప్రాణం మీదికి రాని ఆయాసంలో స్పేసర్‌తో ఒక్కొక్కటిగా తీసుకునే 4 నుంచి 10 పఫ్‌లు నెబ్యులైజర్‌కు తీసిపోవు. మీ పఫ్‌ల లెక్క డాక్టరు ముందే కాగితం మీద రాసిచ్చి ఉండాలి. గట్టిగా, గబుక్కున పీల్చగలిగే పెద్దవాళ్లకు పొడి ఇన్‌హేలర్ హాయి: టైమింగ్ బెడద లేదు, జేబులో పడుతుంది, ప్రొపెల్లెంట్ లేదు. కానీ ఆయాసం ముదిరినప్పుడు పీల్పే తగ్గిపోతుంది కాబట్టి రోటాహేలర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండొద్దు. ఇంట్లో పంపు, స్పేసర్ ఉండాలి. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో పీల్పు కొలిపించాకే పొడి పరికరం. చెప్పినట్టు చేయలేని మతిమరుపు ఉన్నవాళ్లకు, మరీ నీరసించినవాళ్లకు నెబ్యులైజర్. సీఓపీడీ వాళ్లకు దాన్ని ఆక్సిజన్ సిలిండర్‌తో నడపడం డాక్టరు చెబితే తప్ప వద్దు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంది. గాలితోనే నడపాలి.

రోజూ వాడేది పొడి, అవసరానికి వాడేది పంపు అయితే ఒకదానికి గట్టిగా, ఒకదానికి మెల్లగా పీల్చాలి. ఆయాసంలో ఉన్న మనిషికి ఆ తేడా గుర్తుండదు. వీలైతే రెండూ ఒకే రకంగా రాయమని అడగండి. కుదరకపోతే పంపు మీద "మెల్లగా", పొడి పరికరం మీద "గట్టిగా" అని మార్కర్‌తో రాసిపెట్టండి.

షాపులో "ఆ కంపెనీది లేదు, ఇదీ అదే మందు" అని వేరే క్యాప్సూళ్లు ఇస్తే, మీ దగ్గరున్న పరికరంలో అవి పడతాయా అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. క్యాప్సూల్ పట్టినంత మాత్రాన సరిపోదు, ఆ పొడిని వేరే నిరోధం ఉన్న పరికరంతో పరీక్షించి ఉంటారు. క్యాప్సూళ్లు మారితే వాటి పరికరం కూడా తీసుకోండి, బయటికి వచ్చేముందు అక్కడే ఒకసారి వాడి చూపించమని అడగండి.